నిదానంగా ముగిసిన డిగ్రీ, లా సీటు

డిగ్రీ మూడేళ్లలో ముగించలేనివాళ్ల మీద మన ప్రాంతంలో ఒక ముద్ర పడిపోతుంది. ఆరు సెమిస్టర్ల చదువు ఎనిమిది సెమిస్టర్లకు పోతే 'చదువు అబ్బలేదు' అని ఇంట్లోవాళ్లే తేల్చేస్తారు. చాపాడు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల పల్లెల్లో ఇలా సాగదీసుకొని చదివేవాళ్లు తక్కువేమీ కాదు. కేసీ కాలువకు నీళ్లొదిలితే పుస్తకం పక్కనపెట్టి మడికి పోవాల్సినవాళ్లు ఉన్నారు. ప్రొద్దుటూరు బట్టల అంగళ్లలో, బంగారు అంగళ్లలో పొద్దంతా నిలబడి రాత్రికి చదువుకొనేవాళ్లు ఉన్నారు. పెళ్లయి, కాన్పయి, రెండేళ్ల తర్వాత మళ్లీ పరీక్ష ఫీజు కట్టే ఆడపిల్లలు ఉన్నారు. వీళ్లలో లాయరు కావాలని ఆశపడేవాళ్లకు ఒక సందేహం ఉంటుంది. ఏడాదికి రాయాల్సిన సబ్జెక్టులన్నీ రాయకుండా, కొన్ని తగ్గించుకొని, ఆలస్యంగా ముగించిన డిగ్రీతో లా కాలేజీలో సీటు వస్తుందా? వచ్చినా ఆ ఆలస్యం ఎక్కడో ఒకచోట అడ్డం తగులుతుందా? నిబంధనలన్నీ వరసగా పెట్టుకొని చూస్తే నాకు తోచే జవాబు ఇది: మన రాష్ట్రంలో నిదానం అడ్డంకి కాదు, అడ్డంకులు వేరే ఉన్నాయి. ఆ అడ్డంకుల్లో కొన్నింటిని దాటడానికి నిదానమే మంచి దారి కూడా. ఈ సంగతి తెలియక, త్వరగా ముగించాలన్న తొందరలో అత్తెసరు మార్కులతో బయటపడి, ఆ తర్వాత లా సీటుకు అర్హత లేదని తెలుసుకొనేవాళ్ల గురించే నా బాధంతా.

భారం తగ్గించుకొని చదవడం అంటే మన దగ్గర ఏమిటో ముందు తేల్చుకోవాలి. అమెరికా కాలేజీల్లో విద్యార్థి తన సెమిస్టర్‌కు ఎన్ని క్రెడిట్లు కావాలో తానే ఎంచుకుంటాడు. మన డిగ్రీ కాలేజీల్లో ఆ ఎంపిక లేదు. టైమ్‌టేబుల్ అందరికీ ఒకటే. అందుకని మనవాళ్లు భారం తగ్గించుకొనే తీరు వేరు. సెమిస్టర్‌లో ఉన్న పేపర్లలో రెండు మూడింటిని వదిలేసి, మిగిలినవి బాగా రాసి, వదిలినవాటిని సప్లిమెంటరీలో చూసుకుందామనుకోవడం ఒక తీరు. బయటికి అది ఫెయిల్‌లాగే కనిపిస్తుంది గానీ చాలామంది విషయంలో అది చేతనైనంత బరువును ఎంచుకోవడమే. బీటెక్‌లో ఈ వెసులుబాటు నిబంధనల్లోనే ఉంది. చాపాడు మండలం పల్లవోలు దగ్గరి సీబీఐటీ వంటి కాలేజీలు జేఎన్‌టీయూ అనంతపురం కింద నడుస్తాయి, ఆ యూనివర్సిటీ నాలుగేళ్ల కోర్సును ఎనిమిదేళ్లలోపు ముగించుకోనిస్తుంది. రెండో తీరు దూరవిద్య. ఉద్యోగమో వ్యవసాయమో చేసుకుంటూ, ఆదివారం క్లాసులకు పోతూ డిగ్రీ సంపాదించడం. మూడోది ఈ మధ్యే వచ్చింది. యూజీసీ 2024 నవంబరులో డిగ్రీ కాలాన్ని విద్యార్థి పెంచుకోవడానికో తగ్గించుకోవడానికో వీలిచ్చింది. ఈ మూడు తీరులకూ లా అడ్మిషన్లలో మూడు వేర్వేరు ఫలితాలున్నాయి. మూడింటినీ ఒకే గాటన కట్టి 'రెగ్యులర్ కాదు గదా, సీటు రాదు' అని చెప్పే సలహా తప్పు.

లా కోర్సులో ఎవరిని చేర్చుకోవాలో తేల్చేది బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. 2008 నాటి న్యాయవిద్యా నిబంధనల్లో ఐదో నిబంధన అర్హతను చెబుతుంది. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి కావలసింది చట్టబద్ధమైన యూనివర్సిటీ ఇచ్చిన డిగ్రీ, అది ఏ విషయంలోనైనా సరే. ఏడో నిబంధన కనీస మార్కులు చెబుతుంది. సాధారణ అభ్యర్థులకు 45 శాతం, ఎస్సీ ఎస్టీలకు 40 శాతం. బీసీలకు 42 శాతమని తర్వాత చేరింది. మన రాష్ట్ర లా ప్రవేశపరీక్ష లాసెట్ నోటిఫికేషన్లలో ఏటా కనిపించే అంకెలివే. ఈ రెండు నిబంధనల్లో ఎక్కడా డిగ్రీని ఎన్ని ప్రయత్నాల్లో పాసయ్యారు, ఏ సెమిస్టర్‌లో ఎన్ని పేపర్లు రాశారు, మధ్యలో ఎన్నేళ్లు ఆగారు అన్న ప్రశ్నే లేదు. పైగా దూరవిద్యలోనో కరస్పాండెన్స్‌లోనో ఇంటర్, డిగ్రీ చేసినవాళ్లు కూడా అర్హులేనని ఐదో నిబంధన కింది వివరణ విడిగా చెబుతోంది. వయసు సంగతీ అంతే. మూడేళ్ల కోర్సుకు 30 ఏళ్ల పరిమితి పెట్టాలని బార్ కౌన్సిల్ ఒకటికి రెండుసార్లు చూసింది. 2016లో ఆ పరిమితిని మళ్లీ తెచ్చిన సర్క్యులర్‌ను 2017 మార్చిలో సుప్రీంకోర్టు నిలిపివేసింది. లాసెట్ రాయడానికి ఇప్పుడు గరిష్ఠ వయసు లేదు. ఇరవై మూడేళ్లకు డిగ్రీ ముగించినా, ముప్పై ఐదేళ్లకు ముగించినా దరఖాస్తు ఫారం ఒకటే.

ఇక ర్యాంకు. లాసెట్‌లో 120 ప్రశ్నలు, 90 నిమిషాలు. అంటే ప్రశ్నకు 45 సెకన్లు. జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ కలిపి 30 మార్కులు, వర్తమాన వ్యవహారాలు 30, న్యాయశాస్త్రం చదవగల సామర్థ్యం 60. తప్పు రాస్తే మార్కు కోత లేదు. 35 శాతం, అంటే 42 మార్కులు వస్తే అర్హత, ఎస్సీ ఎస్టీలకు ఆ కనీసం కూడా లేదు. ఇద్దరికి సమాన మార్కులొస్తే ముందు మూడో భాగం, ఆ తర్వాత రెండో భాగం, ఆ పైన వయసు చూస్తారు. ఇంజనీరింగు సీట్లకు ఇంటర్ మార్కుల వెయిటేజి గురించి ఇళ్లలో లెక్కలు కట్టడం మనకు అలవాటు. ఆ అలవాటుతోనే లాసెట్‌లోనూ డిగ్రీ మార్కులు కలుస్తాయని చాలామంది అనుకుంటారు. ఇక్కడ డిగ్రీ మార్కులకు వెయిటేజి లేదు. డిగ్రీ గేటు దగ్గరి టికెట్టు మాత్రమే, లోపల ఎక్కడ కూర్చోవాలో తేల్చేది ఆ గంటన్నర పరీక్షే. కడపలోని బసవరామ తారకం లా కాలేజీకైనా, తిరుపతి, అనంతపురం యూనివర్సిటీల లా సీట్లకైనా ఆప్షన్లు పెట్టుకొనేది ఈ ర్యాంకుతోనే. ఐదేళ్లలో డిగ్రీ ముగించినవాడికి లాసెట్‌లో 300 ర్యాంకు వస్తే, మూడేళ్లలో ముగించి 3,000 ర్యాంకు తెచ్చుకున్నవాడికంటే అతనే ముందు.

కానీ గేటు దగ్గరి ఆ టికెట్టే అసలు చిక్కు. డిగ్రీ పాస్ మార్కుకూ లా అర్హత మార్కుకూ మధ్య సందు ఉంది. ఏడాది పరీక్షల రోజుల్లో పాస్ మార్కు 35. అన్ని సబ్జెక్టులూ 36, 38తో గట్టెక్కినవాళ్లు పట్టభద్రులే, లా సీటుకు మాత్రం ఏ కేటగిరీలోనూ అర్హులు కారు. పాస్ మార్కు 40 ఉన్నచోట కూడా అంచుల మీద పాసయ్యే ఓసీ విద్యార్థి 45కు, బీసీ విద్యార్థి 42కు అందకపోవచ్చు. ఇక్కడే భారం లెక్కలోకి వస్తుంది. పొద్దంతా అంగట్లో పనిచేసే పిల్ల సెమిస్టర్‌లో ఆరు పేపర్లు రాసి అన్నింట్లో నలభై, నలభై ఒకటి తెచ్చుకుందనుకుందాం. ఇంట్లో సంతోషిస్తారు, బ్యాక్‌లాగ్ లేదు గదా అని. అదే పిల్ల నాలుగు పేపర్లే చదివి వాటిలో యాభై అయిదు చొప్పున తెచ్చుకొని, మిగతా రెండింటిని తర్వాత కుదురుగా చదివి యాభై చొప్పున రాస్తే సగటు 53 దాటుతుంది. మొదటి దారిలో డిగ్రీ త్వరగా వస్తుంది, ఓసీ, బీసీలకు లాసెట్ దారి మూసుకుంటుంది. రెండో దారిలో ఏడాది పోతుంది, దారి తెరిచే ఉంటుంది. ఒకసారి పాసైన పేపరులో మార్కులు పెంచుకోవడం అన్నిచోట్లా కుదరదు, కుదిరినచోట కూడా గడువులు, షరతులు ఉంటాయి. కాబట్టి లా చదవాలనుకొనేవాళ్లు ఏ సెమిస్టర్‌లో ఎన్ని పేపర్లు రాయాలన్నది ఈ శాతాన్ని ముందు పెట్టుకొనే తేల్చుకోవాలి. దేశంలో వేరేచోట్లకు పోదలచినవాళ్లయితే ఇంకాస్త పైకి చూడాలి. సీయూఈటీ పీజీ ప్రవేశపరీక్ష ద్వారా సీట్లిచ్చే ఢిల్లీ యూనివర్సిటీ సాధారణ అభ్యర్థులను డిగ్రీలో 50 శాతం అడుగుతుంది.

దూరవిద్య దారిలో ఉన్న ప్రమాదం వేరు, అది మన తెలుగు నేలకే బాగా తగిలే ప్రమాదం. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో పుట్టింది. 1991 నుంచి దాని పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. పద్దెనిమిదేళ్లు నిండి, ఏ సర్టిఫికెట్టూ లేనివాళ్లు కూడా ఒక అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరేందుకు వీలు కల్పించడం ఆ యూనివర్సిటీ చేసిన గొప్ప పని. బడి మధ్యలో ఆపేసిన ఆడవాళ్లు, కూలీలు, కానిస్టేబుళ్లు, ఆర్టీసీ కండక్టర్లు ఆ పరీక్ష రాసి పట్టభద్రులయ్యారు. కానీ 2008 నిబంధనల్లో ఐదో నిబంధన కింద ఒక షరతు ఉంది. ప్రాథమిక అర్హత ఏదీ లేకుండా నేరుగా సార్వత్రిక విధానంలో ఇంటరో డిగ్రీయో పీజీయో పొందినవాళ్లు లా కోర్సుకు అర్హులు కారని అది చెబుతుంది. పది, ఇంటర్, డిగ్రీ వరసగా ఉండాలన్నమాట. పదో తరగతి పాసై, ఓపెన్ స్కూల్లో ఇంటర్ చేసి, ఆ తర్వాత దూరవిద్యలో డిగ్రీ చేసినవాళ్లకు ఈ షరతు అడ్డం రాదు. ఇంటర్ లేకుండా అర్హత పరీక్షతో డిగ్రీలో దూకినవాళ్లకు అడ్డం వస్తుంది. ఘోరమేమిటంటే ఈ సంగతి కొందరికి చాలా ఆలస్యంగా తెలిసే వీలుంది. కాలేజీవాళ్లు చూసీచూడక చేర్చుకున్నా, మూడేళ్లు చదివి ఎన్‌రోల్‌మెంటుకు పోయినప్పుడు రాష్ట్ర బార్ కౌన్సిల్ పది, ఇంటర్, డిగ్రీ, ఎల్‌ఎల్‌బీ సర్టిఫికెట్లన్నీ మళ్లీ ముందు పెట్టుకొని చూస్తుంది. అక్కడ ఇంటర్ మెమో లేదంటే గౌను వేసుకొనే దారి లేదు. ఈ షరతు వెనక ఉద్దేశం నాకు అర్థమవుతుంది. పునాది లేకుండా డిగ్రీలు పంచిపెట్టే సంస్థలను కట్టడి చేయాలనుకున్నారు. కానీ రాష్ట్ర శాసనసభ చట్టంతో పుట్టిన యూనివర్సిటీ పరీక్ష పెట్టి చేర్చుకొని, పరీక్ష పెట్టి పాస్ చేసిన మనిషిని, లాసెట్‌లో కూడా ర్యాంకు తెచ్చుకున్న మనిషిని, పదహారేళ్ల వయసులో ఇంటర్ చదవలేదన్న కారణంతో ఆపేయడం న్యాయం కాదు. ఈ నిబంధనను మార్చాల్సిందే.

మూడో అడ్డంకి చిన్నదిగా కనిపిస్తుంది, ఏటా ఎక్కువమందిని దెబ్బతీయగలిగేది అదే. డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు కూడా లాసెట్ రాయవచ్చు. సర్టిఫికెట్ల పరిశీలన నాటికి మాత్రం డిగ్రీ మార్కుల మెమోలు, ప్రొవిజనల్, టీసీ, ఇంటర్ మెమో, పది మెమో, స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం కాగితాలు చేతిలో ఉండాలి. ఒక్క పేపరు మిగిలి, దాని సప్లిమెంటరీ ఫలితం ఇంకా రాకపోతే ర్యాంకు ఉన్నా సీటు లేదు. ఆ ఏటి ర్యాంకు ఆ ఏటికే. మరుసటి ఏడాది మళ్లీ ఫీజు కట్టి మళ్లీ రాయాలి. పేపర్లు తగ్గించుకొని చదివేవాళ్లు ఈ తేదీలను వెనక నుంచి లెక్కపెట్టుకోవాలి. ఏ ఏడాది లాసెట్ రాయాలో ముందు తేల్చుకొని, దానికి ముందరి పరీక్షలకల్లా చివరి పేపరు ముగిసేలా పంచుకోవాలి. దూరవిద్యలో చదివినవాళ్లకు, మధ్యలో రెండు మూడేళ్లు చదువు ఆపినవాళ్లకు ఇంకో కాగితం పని పడుతుంది. స్థానికతకు వరుస స్టడీ సర్టిఫికెట్లు లేనప్పుడు తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం కావాలి. చాపాడు తహసీల్దారు ఆఫీసుకు కౌన్సెలింగ్ ముందురోజు పరిగెత్తితే అది చేతికొచ్చే కాగితం కాదు.

ఇప్పుడు యూజీసీ కొత్త ఏర్పాటు. యూజీసీ అప్పటి చైర్మన్ మామిడాల జగదీశ్ కుమార్ 2024 నవంబరులో దీన్ని ప్రకటించారు. మొదటి లేదా రెండో సెమిస్టర్ ముగిశాక విద్యార్థి దరఖాస్తు పెట్టుకుంటే, కాలేజీ కమిటీ చూసి, డిగ్రీ కాలాన్ని రెండు సెమిస్టర్ల దాకా పెంచవచ్చు. వేగంగా చదవగలిగేవాళ్లకు తగ్గించవచ్చు కూడా, ఆ వేగపు దారికి మాత్రం మొత్తం సీట్లలో పది శాతం పరిమితి ఉంది. మూడేళ్ల డిగ్రీకి యూజీసీ ప్రమాణం 120 క్రెడిట్లు. ఆరు సెమిస్టర్లలో పంచితే సెమిస్టర్‌కు 20, ఎనిమిదిలో పంచితే 15. ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్‌లో పదిహేను గంటల పాఠం. అయిదు క్రెడిట్లు తగ్గితే 75 గంటలు, వారానికి సుమారు అయిదు గంటలు మిగులుతాయి. ఇంటికి పోయి చదువుకొనే సమయం కూడా లెక్కేస్తే పదిగంటలకు తక్కువ కాదు. అంగట్లో పనిచేసే విద్యార్థికి పాస్‌కూ 45 శాతానికీ మధ్య ఉన్న దూరం సరిగ్గా ఆ పదిగంటలు కావచ్చు. ఇన్నాళ్లూ ఫెయిల్ అన్న పేరుతో జరిగిన పనికి ఇప్పుడు గౌరవమైన పేరొచ్చింది. ఇలా వచ్చిన డిగ్రీని ఉద్యోగాలకూ పైచదువులకూ మామూలు డిగ్రీతో సమానంగా చూడాలని యూజీసీ స్పష్టంగానే చెప్పింది. అయితే మార్కుల ట్రాన్‌స్క్రిప్టులో మాత్రం నిర్ణీత కాలం కంటే ఎక్కువ లేదా తక్కువ కాలంలో ముగించారని ఒక గమనిక రాయాలంది. నన్ను కలవరపెట్టేది ఆ గమనికే. లాసెట్ ఈ రోజు దాన్ని చూడదు. రేపు ఏదో ఒక ప్రైవేటు కాలేజీ మేనేజ్‌మెంటు సీట్ల దగ్గరో, ఏదో ఒక లా ఆఫీసు ఇంటర్న్‌షిప్ దగ్గరో చూడదన్న హామీ ఏదీ?

అలాంటి గమనికలు ఏం చేస్తాయో అమెరికా అనుభవం చెబుతుంది. అక్కడ లా స్కూళ్లు డిగ్రీ గ్రేడ్లనూ ఎల్‌శాట్ ప్రవేశపరీక్ష స్కోరునూ కలిపి చూస్తాయి. ట్రాన్‌స్క్రిప్టును సెమిస్టర్లవారీగా చదువుతాయి. కాబట్టి డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పెరిగిన తెలుగు పిల్లలు పన్నెండు క్రెడిట్లకు తగ్గించుకొని తెచ్చుకున్న మంచి గ్రేడ్లకూ, పదహారు తీసుకొని తెచ్చుకున్న అవే గ్రేడ్లకూ చూసేవారి దృష్టిలో తేడా ఉండవచ్చు. జబ్బో, ఉద్యోగమో, ఇంటి బాధ్యతో కారణమైతే దరఖాస్తుతో పాటు చిన్న వివరణ జతచేస్తారు. మధ్యలో వదిలేసిన కోర్సుకు డబ్ల్యూ అని పడితే లా స్కూల్ అడ్మిషన్ కౌన్సిల్ లెక్కగట్టే సగటులో అది సాధారణంగా కలవదు, ఫెయిలై మళ్లీ రాసిన కోర్సులో మాత్రం పాత గ్రేడు కూడా కలుస్తుంది. అంటే అక్కడ కూడా మోయలేనంత నెత్తికెత్తుకొని పడిపోవడం కంటే ముందే తగ్గించుకోవడం మేలు. ఇక్కడి నుంచి ఎఫ్-1 విద్యార్థి వీసా మీద పోయినవాళ్లకు ఆ స్వేచ్ఛ తక్కువ. డిగ్రీ విద్యార్థి అనుమతి లేకుండా పన్నెండు క్రెడిట్లకు లోపు దిగితే వీసా హోదాకే ముప్పు. జబ్బు కారణంగా తగ్గించుకోవడానికైనా ఆ చదువు స్థాయిలో మొత్తం పన్నెండు నెలలే అవకాశం. లా స్కూల్ అడ్మిషన్ కౌన్సిలే ఒకప్పుడు వైకల్యం వల్ల అదనపు సమయం తీసుకొని ఎల్‌శాట్ రాసినవాళ్ల స్కోరు పక్కన గుర్తు పెట్టి లా స్కూళ్లకు పంపేది. దాని మీద పెద్ద వ్యాజ్యం నడిచింది. 2014లో రాజీ డిక్రీ ప్రకారం ఆ గుర్తులు పెట్టడం మానేసి, 77 లక్షల డాలర్లకు పైగా చెల్లించాల్సి వచ్చింది. అక్కడ కోర్టుకెక్కి వదిలించుకున్న పద్ధతిని పోలిన గమనికను మనం కొత్తగా మొదలుపెట్టడం ముందుచూపు కాదు.

నిదానం తప్పు కాదన్న ఈ వాదనకు ఎదురయ్యే అభ్యంతరాల్లో మొదటిది, బలమైనది ఒకటుంది. లాయరు వృత్తి ఒత్తిడి వృత్తి. పొద్దున పదిన్నరకు కోర్టు, నాలుగు కేసులు, రాత్రికి డ్రాఫ్టింగ్. సెమిస్టర్‌కు ఆరు పేపర్లు మోయలేనివాళ్లు రేపు కక్షిదారు బతుకును ఎలా మోస్తారు? నిజాయితీగా అడిగే ప్రశ్న ఇది. కానీ ఇందులో ఒక లెక్క తప్పుతోంది. అంగట్లో పదిగంటలు పనిచేసి నాలుగు పేపర్లు రాసినవాళ్లు మోసిన బరువు, ఏ పనీ లేకుండా ఆరు రాసినవాళ్ల బరువు కంటే తక్కువ కాదు. యూనివర్సిటీ మెమోలో ఆ పదిగంటలకు క్రెడిట్లు వేయరు, అంతే తేడా. కర్నూలు జిల్లా పెద్దపాడులో 1921లో పుట్టిన దామోదరం సంజీవయ్య డిగ్రీ తర్వాత చిన్న ఉద్యోగాలు చేశారు, మద్రాసు లా కాలేజీలో చదువుతూ పార్ట్‌టైమ్‌గా బడిలో లెక్కలు చెప్పారు. 1950లో అడ్వొకేటుగా నమోదై, 1960లో ముఖ్యమంత్రి అయ్యారు. విశాఖలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఆయన పేరుతోనే నడుస్తోంది. అంతకు ముందుతరంలో టంగుటూరి ప్రకాశం సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా మొదలై, రాజమండ్రిలో ప్రాక్టీసు చేసి సంపాదించుకున్నాకే 1904లో ఇంగ్లండు వెళ్లి బారిస్టరయ్యారు. వృత్తిలోకి అప్పట్లో మెట్లు మెట్లుగా ఎక్కే దారి ఉండేది. 1961 అడ్వొకేట్స్ చట్టం తర్వాత అందరూ ఒకే తరగతి అడ్వొకేట్లు కావడం మంచిదే, కానీ ఆ ఒక్క మెట్టు ఎక్కడానికి అందరికీ ఒకే వేగం ఉండాలని ఆ చట్టం అనలేదు.

రెండో అభ్యంతరం లాసెట్ మీద. గంటన్నర బహుళైచ్ఛిక పరీక్ష మనిషి శ్రద్ధను ఏం కొలుస్తుంది, మూడేళ్ల డిగ్రీ మార్కులకు వెయిటేజి ఇస్తే నికరంగా చదివినవాళ్లకు న్యాయం జరుగుతుంది గదా అంటారు. లాసెట్ మొరటు పరీక్షేనని నేనూ ఒప్పుకుంటాను. వాదన రాయగలరా, చదివింది పట్టుకోగలరా అన్నవి అందులో సరిగా తేలవు. అయినా డిగ్రీ మార్కులు కలపడం దానికి మందు కాదు. ఒక్కో యూనివర్సిటీది ఒక్కో కొలత, గ్రేడు పాయింట్లను శాతంగా మార్చే సూత్రాలు వేర్వేరు, అటానమస్ కాలేజీల ఇంటర్నల్ మార్కుల ఉదారత్వం ఇంకో సంగతి. వాటిని ర్యాంకులో కలిపితే జమ్మలమడుగు దగ్గరి ప్రభుత్వ డిగ్రీ కాలేజీ పిల్లలకే నష్టం. పరీక్షను బాగుచేయాలంటే చదివి అర్థం చేసుకొనే భాగాన్ని పెంచి, అది తెలుగులోనూ సమానంగా పదునుగా ఉండేలా చూడాలి. డిగ్రీ ఎంత వేగంగా ముగిసిందన్నదాన్ని లెక్కలోకి తేవడం దానికి జవాబు కాదు.

మూడో అభ్యంతరానికి మాత్రం నా దగ్గర పూర్తి సమాధానం లేదు. కాలానికి ఖరీదుంది. ఫీజు రీయింబర్స్‌మెంటు దూరవిద్యకు రాదు. ఆడపిల్ల విషయంలో ఒక ఏడాది పొడిగింపు అంటే పెళ్లి మాటల్లో ఇంకో ఏడాది వాదన. జడ్జి కావాలనుకొనేవాళ్లకు లెక్క ఇంకా బిగిసింది. సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తేల్చింది. డిగ్రీ, ఎల్‌ఎల్‌బీ, ప్రాక్టీసు కలిపి తొమ్మిదేళ్లు, దాని మీద ఇంకో ఏడాది. ఆ ఉద్యోగానికి వయఃపరిమితి ఉంది. కాబట్టి నిదానం అందరికీ మంచిదని చెప్పడం లేదు. మోయగలిగినవాళ్లు మూడేళ్లలోనే ముగించాలి. మోయలేనివాళ్లు మూడేళ్లలో నలభైతో ముగించడానికీ, నాలుగేళ్లలో యాభైతో ముగించడానికీ మధ్య ఎంచుకోవాల్సి వస్తే రెండోదే ఎంచుకోవాలి. మొదటి దారిలో మిగిలిన ఏడాది లా చదవాలనుకొనే ఓసీ, బీసీలకు దేనికీ పనికిరాదు.

ఇంకొకటి కూడా దాచకుండా చెప్పాలి. డిగ్రీలో దొరికే ఈ వెసులుబాటు ఎల్‌ఎల్‌బీలో దొరకదు. బార్ కౌన్సిల్ పదో నిబంధన ప్రకారం సెమిస్టర్‌కు పదిహేను వారాలకు తగ్గకుండా, వారానికి 30 గంటలు క్లాసులుండాలి, అందులో 24 గంటలు పాఠాలే. పన్నెండో నిబంధన 70 శాతం హాజరు అడుగుతుంది. సాయంకాలపు లా కాలేజీల కాలం పోయింది, దూరవిద్యలో చేసిన ఎల్‌ఎల్‌బీతో అడ్వొకేటుగా నమోదు కాలేరు. లా చదువుతూ ఇంకో రెగ్యులర్ డిగ్రీ చేయడానికీ బార్ కౌన్సిల్ ఒప్పుకోదు. చాపాడు నుంచో జమ్మలమడుగు నుంచో రోజూ కడపకు పోయి వస్తూ వారానికి ముప్పై గంటలు కూర్చోవాలంటే అంగటి పని మానుకోవాలి, లేదా కడపలో గది తీసుకోవాలి. అందుకే డిగ్రీ నిదానంగా చదివే రోజుల్లోనే మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ ఖర్చుకు కొంత కూడబెట్టుకోవడం తెలివైన పని. డిగ్రీలో భారం తగ్గించుకోవడం వల్ల లా సీటు పోదు గానీ, సీటు వచ్చాక పూర్తి భారం తప్పదు.

ఇందులో మన రాష్ట్ర ఉన్నత విద్యామండలి చేయగలిగిన పని చాలా చిన్నది. లాసెట్ సమాచార పుస్తకంలో అర్హతల పేజీలో ఒక వాక్యం రాస్తే చాలు: డిగ్రీని నిర్ణీత కాలంలో ముగించినా, పొడిగించుకొని ముగించినా, సప్లిమెంటరీలో ముగించినా, దూరవిద్యలో ముగించినా కనీస మార్కులుంటే అర్హత సమానమే. దాని కిందే ఇంటర్ లేకుండా సార్వత్రిక డిగ్రీ చేసినవాళ్లకు బార్ కౌన్సిల్ షరతు ఏమిటో తెలుగులో పెద్ద అక్షరాలతో హెచ్చరించాలి, మూడేళ్లు చదివాక తెలియడం కంటే దరఖాస్తు ముందే తెలియడం మేలు. యోగి వేమన విశ్వవిద్యాలయం తన పరిధిలోని డిగ్రీ కాలేజీల్లో పొడిగింపు దరఖాస్తు ఎవరికి, ఎప్పుడు, ఏ ఫారంలో ఇవ్వాలో నోటీసు బోర్డు మీద పెట్టించాలి. బార్ కౌన్సిల్ ఆ షరతును సవరించే దాకా ఇంటర్ లేనివాళ్లు డిగ్రీలో చేరకముందే ఓపెన్ స్కూల్లో ఇంటర్ ముగించుకోవాలి. వచ్చే లాసెట్ నోటిఫికేషన్ నుంచే ఆ వాక్యమూ ఆ హెచ్చరికా పుస్తకంలో ఉండాలని ఉన్నత విద్యామండలిని కోరుతున్నాను.